మండల విలేకరిగా చేరొచ్చా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. కొండమల్లేపల్లి దగ్గర ఊరు, డిగ్రీ అయిపోయి రెండేళ్లు, ఊరి వాట్సాప్ గ్రూపుకు నువ్వే అడ్మిన్, అందులో 800 మంది, పక్కన చిన్న యూట్యూబ్ చానల్. ఇప్పుడు ఒక పత్రిక వాళ్లు మండల కంట్రిబ్యూటర్‌గా, అంటే జీతం లేని విలేకరిగా, తీసుకుంటామన్నారు. ముందు 30 వేలు డిపాజిట్ కట్టాలట, పైన ఏడాదికి యాడ్ టార్గెట్ అట. "పేపర్లే పోతున్న కాలంలో అందులో చేరడం ఎందుకన్నా, గ్రూపు, చానల్ చాలవా? అసలు ఈ పనికి రేపనేది ఉందా?" అని అడిగావు. గ్రూపులో రోజూ కొట్లాటలేనని కూడా రాశావు.

నేను 1994లో చండూరు వైపు ఒక మండలంలో కంట్రిబ్యూటర్‌గా మొదలుపెట్టాను. తర్వాత నల్లగొండ డెస్కులో (వచ్చిన వార్తలు దిద్దే చోటు), ఆపైన జిల్లా రిపోర్టింగులో, మొత్తం 26 ఏళ్లు చేసి 2020లో బయటికి వచ్చాను. నీలాంటి పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు కాబట్టి ఈనాటి సంగతులూ కొంత తెలుసు. ముందే చెబుతున్నా, ఆ డిపాజిట్ కట్టకు. విలేకరి పని మాత్రం వదలకు. ఎందుకో వివరంగా చెప్తా, కాస్త ఓపికగా చదువు.

1989లో ఈనాడు జిల్లాకో చిన్న సైజు అనుబంధం మొదలుపెట్టేదాకా నల్లగొండ వార్త అంటే హైదరాబాద్ పేపర్లో నాలుగు లైన్లు. జిల్లా పేజీలు వచ్చి, మిగతా పత్రికలూ అదే దారి పట్టాక మండలానికో మనిషి కావాల్సి వచ్చాడు. అట్లా వచ్చినవాణ్నే నేను. పొద్దున పోలీస్ స్టేషన్, అక్కణ్నుంచి ఎమ్మార్వో ఆఫీసు, ఆ తర్వాత పీహెచ్‌సీ, అంగడి రోజైతే అంగడి. మధ్యాహ్నం కూర్చొని రాసి, నాలుగింటి బస్సు డ్రైవర్ చేతికి కవర్ ఇస్తే నల్లగొండ బస్టాండులో మా ఆఫీసు మనిషి తీసుకునేవాడు. లైన్ అకౌంట్ కింద మొదటి నెల 210 రూపాయలు వచ్చాయి. అచ్చయిన వార్తను స్కేలు పెట్టి కొలిచి ఇచ్చే డబ్బులవి.

ఆ రోజుల్లో నేను రాష్ట్రాన్ని కదిలించిన వార్తలేమీ రాయలేదు. కానీ పదకొండు గంటలకు ఒకతను వస్తాడు, పింఛన్ల రిజిస్టర్ చూపించమంటాడు అని ఆ ఆఫీసులో అటెండర్‌ నుంచి అందరికీ తెలుసు. నేను అడగని రోజున కూడా, అడుగుతానేమోనని రిజిస్టర్ రాసి పెట్టేవాళ్లు. పీహెచ్‌సీలో డాక్టర్ లేని రోజు నన్ను చూడగానే నర్సమ్మ ముఖంలో తెలిసిపోయేది. ఇందులో అచ్చయింది పదో వంతు కూడా ఉండదు. అయినా ఆ రాకపోకల వల్లే కొన్ని పనులు సరిగ్గా జరిగాయని నేను గట్టిగా నమ్ముతాను. తమ్ముడూ, ఇప్పుడు మన మండలాల్లో లేకుండా పోతున్నది ఆ రోజూ వెళ్లే మనిషి. కాగితం పోతున్నందుకు నాకు పెద్ద బెంగ లేదు.

ఎట్లా పోయాడో నువ్వూ చూశావు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక వార్త కోసం తెల్లారేదాకా ఎదురుచూసే అవసరం తీరిపోయింది. బట్టల దుకాణం ప్రకటనా ఫోన్లోకి వెళ్లింది. 2020 లాక్‌డౌన్‌లో చాలా పత్రికలు మినీలు, అంటే ఆ చిన్న సైజు జిల్లా అనుబంధాలు, ఆపేసి, జిల్లా వార్తలను మెయిన్‌లో రెండు మూడు పేజీలకు కుదించాయి. డెస్కులో మా పక్క కుర్చీలు ఖాళీ అయ్యాయి. మండలంలో మిగిలిన విలేకరికి వార్తల టార్గెట్ పోయి యాడ్ల టార్గెట్ మిగిలింది. ఎమ్మెల్యే పీఏ ఫొటో, మ్యాటర్ కలిపి వాట్సాప్‌లో పంపితే ఆరు పేపర్లలో అదే వాక్యం, అదే అక్షరదోషంతో వస్తున్నది. ఎవరూ వెళ్లలేదు, ఎవరూ చూడలేదు.

ఇక ఆ 30 వేల సంగతి. జీతం ఇవ్వని ఉద్యోగానికి ఎదురు డబ్బులు కట్టినవాడు వాటిని ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి. ఇసుక ట్రాక్టర్ దగ్గరో, ఎరువుల దుకాణం దగ్గరో, ప్లాట్లు చేసే రియల్టర్ దగ్గరో. మొదట యాడ్ అని అడుగుతాడు, ఇవ్వకపోతే వార్త రాస్తానంటాడు. మంచి పిల్లలు ఆ దారిలో పోయి, ఊళ్లో "పేపరోడు వచ్చిండు, ఎంతో కొంత ఇచ్చి పంపు" అనిపించుకోవడం కళ్లారా చూశాను. నా 26 ఏళ్లలో అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది అదే. డిపాజిట్ లేకుండా, వార్తకు లెక్కగా డబ్బులిచ్చి, యాడ్ల బాధ్యత వేరే మనిషికి అప్పగించే పత్రిక ఏదైనా పిలిస్తే చేరు. రెండేళ్లు డెస్కు వాళ్ల చేత నువ్వు రాసిన వార్తలు దిద్దించుకుంటే రాత చక్కబడుతుంది. అది ఇంట్లో కూర్చొని నేర్చుకునేది కాదు.

గ్రూపు చాలదా అన్నావు. దీనికి కొంచెం వెనక్కి పోయి చెప్పాలి.

1922లో, నిజాం రాజ్యంలో తెలుగుకు చోటు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో, మన నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రిక నడిపారు. అప్పటికి పత్రిక అంటే వ్యాపారం కాదు, ఊరి పని. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. ఆయనది మన పాలమూరే, గద్వాల వైపు ఇటికాలపాడు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకాయన రాస్తే, ప్రతాపరెడ్డి ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. ఆ పనిలో రెండు భాగాలున్నాయి చూడు. తెలిసినవాళ్లు ఊళ్లలోనే ఉన్నారని గుర్తించి వాళ్లను అడగడం ఒకటి. వచ్చినదాన్ని ఏరి, సరిచూసి, పేరూ ఊరూ పెట్టి వరసగా అచ్చేయడం రెండోది. నీ గ్రూపుకు మొదటిది పుష్కలంగా ఉంది. 800 మందిలో ఒక లైన్‌మన్ ఉంటాడు, ఒక అంగన్‌వాడీ టీచరమ్మ ఉంటుంది, ఒక హార్వెస్టర్ డ్రైవర్, హైదరాబాద్‌లో లాయర్ దగ్గర పనిచేసే పిల్లగాడు ఉంటారు. ఇంతమంది ఎరుకను మా డెస్కు ఏనాడూ ఒకచోట చూడలేదు. నీ దగ్గర లేనిది రెండో భాగం. ఆ పని చేసే మనిషి లేకపోతే గ్రూపు ఎక్కడికైనా పోతుంది.

ఎంత దూరం పోతుందో 2018 మే నెలలో చూశాం. పిల్లల్ని ఎత్తుకపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వీడియోలు తిరిగి, మన పక్కనే భువనగిరి వైపు ఒక మనిషిని కొట్టి చంపారు. అదే కాలంలో గద్వాల ప్రాంతంలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను అప్పగించి, వాళ్లను ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేర్పించారు. ఇంటింటికీ తిరిగి చెప్పించారు, డప్పు కొట్టించి పాటలు పాడించారు. అక్కడ ఒక్క ప్రాణం పోలేదు. ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టింది. ఆ హద్దు కంటే, ముఖం తెలిసిన కానిస్టేబుల్ "అది మన దగ్గరిది కాదు, నేను చూసి వచ్చిన" అని చెప్పడమే ఊరికి ధైర్యమిచ్చిందని నా నమ్మకం.

కాబట్టి కొట్లాటల గురించి అడిగినదానికి నా సలహా ఇది. గ్రూపులో ఎవరు ఏ సంగతి పెట్టినా మొదటి మాటగా ఈ మూడింటిలో ఒకటి రాయాలని నియమం పెట్టు: చూసింది, విన్నది, వచ్చింది. తన కళ్లతో చూస్తే చూసింది. ఎవరో చెబితే విన్నది, చెప్పినవాళ్ల పేరు నీకు విడిగా చెప్పాలి. ఫార్వర్డ్ అయితే వచ్చింది. చింతపల్లి వైపు ఒక ఊళ్లో ఇది పెట్టించాను. మొదటి వారం అందరూ విసుక్కున్నారు. నెల తిరిగేసరికి "వచ్చింది" అని రాయడానికి మొహమాటపడి చాలామంది ఫార్వర్డులే మానుకున్నారు. అరిచేవాళ్లను తీసేయకు, తీసేస్తే వాళ్లు ఇంకో గ్రూపు పెడతారు, ఊరు రెండవుతుంది. చావు కబుర్లు, కరెంటు కోతలు, తప్పిపోయిన బర్రెల సంగతులకు మాత్రం అడ్మిన్ ఒక్కడే పెట్టగలిగే గ్రూపు వేరే ఉంచు.

ఇప్పుడు గ్రూపూ విలేకరీ కలిస్తే ఏమవుతుందో ఒక అనుభవం చెప్తా. మొన్నటి వానాకాలం వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ వైపు ఒక అడ్మిన్ ఫోన్ చేశాడు. "బస్తాకు రెండు కిలోలు కోస్తుండ్రు" అని ఒక రైతు పెట్టిన మెసేజ్ కింద రాత్రి పన్నెండు దాకా 140 మెసేజ్‌లు. ఒక పార్టీ వాళ్లు అబద్ధమని, ఇంకో పార్టీ వాళ్లు దోపిడీ అని. అసలు రైతు తెల్లారేసరికి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నేను ఆ పిల్లగానికి చెప్పింది ఒకటే, మాటలు ఆపించి కాగితాలు అడగమని.

ఐకేపీ కేంద్రంలో, అంటే ఊళ్లో సర్కారు తరఫున వడ్లు కొనేచోట, వడ్లు 17 శాతం తేమకు వచ్చాక 40 కిలోల బస్తాలకెత్తి తూకం వేస్తారు కదా. గొడవ ఎక్కువసార్లు అక్కడ కాదు, లారీ మిల్లు దగ్గర దిగేటప్పుడు. తేమ ఉంది, తాలు ఉంది అని కోత పెడితే ట్రక్ షీట్‌లో (లారీ లోడు లెక్క రాసే కాగితం) కేంద్రం లెక్క కంటే తగ్గి వస్తుంది. రైతు బ్యాంకులో పడేది ఆ తగ్గిన లెక్కకే. అంటే కేంద్రంలో రాసిచ్చిన తూకం, ట్రక్ షీట్, బ్యాంకు మెసేజ్, ఈ మూడూ పక్కపక్కన పెడితే నిజం బయటపడుతుంది. మూడు రోజుల్లో 37 మంది ఫొటోలు పంపారు. 6 కాగితాలు చదవరాలేదు. 9 మందికి తేడా ఏమీ లేదు. 22 మందికి బస్తాకు కిలోన్నర నుంచి రెండు కిలోలు తగ్గింది, వాటిలో 19 లోడ్లు ఒకే మిల్లుకు పోయినవి. 100 బస్తాలు అమ్మిన రైతుకు బస్తాకు రెండు కిలోలంటే రెండు క్వింటాళ్లు. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర 2,369 చొప్పున 4,738 రూపాయలు.

ఆ అడ్మిన్ మిల్లుకు వెళ్లి వాళ్ల మాట రాసుకున్నాడు. తాలు ఎక్కువగా ఉందని వాళ్లన్నారు, అదీ ఉన్నదున్నట్టు రాశాడు. తేడా రాని 9 మంది సంగతీ రాశాడు. ఆ పట్టిక గ్రూపులో పెట్టి, ఒక ప్రింటు పౌర సరఫరాల అధికారికి ఇచ్చాడు. తర్వాతి లోడ్లకు కోత ఆగింది. పాత డబ్బులు మాత్రం ఇంతవరకు రాలేదు. ఏ పేపర్లోనూ అది రాలేదు. కానీ నా లెక్కలో ఆ సీజన్‌లో జిల్లాలో వచ్చిన మంచి వార్తల్లో అదొకటి. 37 మంది కాగితాలు మూడు రోజుల్లో సేకరించడం నా కాలంలో ఒక్క కంట్రిబ్యూటర్ వల్ల అయ్యేది కాదు. ఒకడు మిల్లు దాకా వెళ్లకపోతే ఆ కాగితాలతో ఆ గ్రూపు వల్లా అయ్యేది కాదు.

ఇంకో రకం వార్త ఉంది, దాన్ని గ్రూపు తనంతట తాను ఎప్పటికీ పట్టుకోలేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ఊళ్లలో తిరిగిన నాకు ఇది మనసులోంచి పోదు. ఫ్లోరైడ్ నీళ్లకు రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు అంటారు. తాగిన రోజు ఏమీ కాదు, ఏడాదికీ ఏమీ కాదు. పిల్లల పళ్లు గారబడతాయి, ఇరవై ముప్పై ఏళ్లకు నడుము వంగిపోతుంది, కీళ్లు బిగుసుకుపోతాయి. గ్రూపులో ఫొటో తీసి పెట్టడానికి "ఈరోజు జరిగింది" అనేది ఏదీ ఉండదు. ఇది వార్త కావాలంటే ఒకే ఊరికి ఏడాదికోసారి వెళ్లాలి, అదే బోరు నీళ్లు పరీక్ష చేయించాలి, పోయినేడాది అంకె పక్కన ఈ ఏడాది అంకె రాయాలి. మిషన్ భగీరథ నల్లా వచ్చాక కూడా చేను దగ్గర బోరు నీళ్లే తాగుతున్న కూలీలు ఎందరో కూర్చొని అడగాలి. నెమ్మదిగా జరిగే అన్యాయాలన్నీ ఇట్లాంటివే: పడిపోతున్న భూగర్భ జలం, మూతపడుతున్న ప్రాథమిక పాఠశాల, బొంబాయి నుంచి రోగంతో తిరిగొచ్చిన పాలమూరు కూలీ. నీ చానల్‌కు వారానికోసారి కాకపోయినా నెలకోసారి ఇలాంటిది ఒక్కటి తీసుకో. చూసేవాళ్లు తక్కువ ఉంటారు, ఉండనీ.

ఎందుకంటే వ్యూస్ వెంట పడితే ఏమవుతుందో 2022లో మునుగోడు ఉపఎన్నికలో చూశాను. నవంబరు 3 పోలింగ్ దాకా చండూరులో ఒక్కో ఛాయ్ హోటల్ ముందు నాలుగేసి మైకులు. 6న ఫలితం వచ్చింది. 8న నేను వెళ్తే ఒక్క మైకు లేదు. ఎన్నికల్లో ఇచ్చిన హామీల్లో ఏవి జరిగాయో అడగడానికి మళ్లీ ఎవరూ రాలేదని హోటల్ అతను అన్నాడు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకున్నప్పుడూ అంతే. దాదాపు 14 కిలోమీటర్ల లోపల జరిగింది బయట ఉన్నవాడికి కనబడదు. అయినా గంటగంటకూ ఏదో ఒక థంబ్‌నెయిల్ వస్తూనే ఉంది. ఎక్కడో వేరే రాష్ట్రాల్లో ఆ మనుషుల ఇళ్లల్లో వాళ్లూ ఫోన్లు చూస్తుంటారని ఆ థంబ్‌నెయిల్ పెట్టినవాడు ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే బాగుండేది.

నా తప్పు ఒకటి చెప్పాలి, ఇది నీకు పనికొస్తుంది. 1998 ఎండాకాలం, ఒక ఊళ్లో వాంతులు విరేచనాలతో ఇద్దరు చనిపోయారని, ట్యాంకు కడగకపోవడమే కారణమని ఒక నాయకుడు ఫోన్‌లో చెప్పాడు. బస్సు టైం అవుతోందని వెళ్లకుండానే రాసి పంపాను. నాలుగు రోజుల తర్వాత వెళ్తే, చనిపోయినవాళ్లలో ఒకరు మంచంలో ఉన్న ముసలాయన, వయసు మీద పడి పోయాడు. ట్యాంకు సరిగ్గానే ఉంది, మురికి కాలువలో పైపు పగిలి నీళ్లు కలిశాయి. ఈలోపు ట్యాంకు దగ్గర పనిచేసే పంచాయతీ మనిషిని తీసేశారు. తొమ్మిదో రోజు లోపలి పేజీలో నాలుగు లైన్ల సవరణ వచ్చింది. "పేపర్ల వచ్చిందని తీసేసిండ్రు సారూ, మల్ల పేపర్ల వచ్చిందని ఎవరు తీసుకోలే" అన్నాడాయన నాతో. ఇప్పటికీ ఆ ఊరి మీదుగా వెళ్లేటప్పుడు ఆయన ఇల్లు చూస్తాను. ముందు పేజీ చదివిన వాళ్లకు ఆ నాలుగు లైన్లు చేర్చే దారి మాకు లేదు. నీకుంది. తప్పు వార్త చూసిన ఆ 800 మందికే సవరణ చేరుతుంది. తప్పు చేసినప్పుడు పాత మెసేజ్ డిలీట్ చేసి ఊరుకోకు. ఏం తప్పు రాశానో, నిజం ఏమిటో, ఎవరికి నష్టమైందో రాసి మూడు రోజులు పైన పిన్ చేసి ఉంచు. మొదటిసారి తల తీసేసినట్టుంటుంది. రెండోసారి నుంచి ఊరు నీ మాటను వేరుగా వింటుంది.

డబ్బుల సంగతి దాటవేయను, ఎందుకంటే ఈ పనికి రేపు ఉందా అన్న ప్రశ్నకు జవాబు సగం అక్కడే ఉంది. యూట్యూబ్‌లో మామూలు నిడివి వీడియోలకు ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. అది దాటినా మండల వార్తలతో ఇల్లు గడవదు. గడవాలంటే సినిమా వాళ్ల గొడవలు పెట్టాలి, అప్పుడు నీకు మండలంతో పనుండదు. పెద్ద కంపెనీలు పత్రికలకు వాటా ఇవ్వాలని ఆస్ట్రేలియా 2021లో చట్టం చేసింది. కెనడా 2023లో చేస్తే, మెటా అక్కడ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తలే కనిపించకుండా ఆపేసింది. అంత దేశాలకే అట్లా ఉంటే అలాంటి వాటా దేవరకొండ దాకా వస్తుందని కాచుకొని ఉండొద్దు.

నాకు కనిపిస్తున్న దారి వేరే. నీ గ్రూపులో ఊళ్లో లేనివాళ్లు ఎంతమందో లెక్కపెట్టు. హైదరాబాద్, బొంబాయి, దుబాయ్, అమెరికా అన్నీ కలిపి మూడో వంతుకు తక్కువ ఉండరు. ఊరి వార్త అందరికంటే ఆత్రంగా చదివేది వాళ్లే. అమ్మ పింఛన్ పడిందా, చెరువు నిండిందా, మన గట్టు పక్కన ఎవరు సర్వే చేస్తున్నారు అని. వాళ్లలో 100 మంది నెలకు 50 రూపాయలిస్తే 5,000. పెట్రోలు, ఫోను, నీటి పరీక్షలు, జిరాక్సులు వెళ్లిపోతాయి. రోజూ వెళ్లే మనిషికి కనీసం దారి ఖర్చు దొరుకుతుంది. లెక్క ప్రతి నెలా గ్రూపులో పెట్టు, రూపాయితో సహా. పార్టీ వాళ్లవి, పోటీ చేసేవాళ్లవి, కాంట్రాక్టర్లవి తీసుకోకు. చావు కబురుకూ, తప్పిపోయిన పిల్లల ప్రకటనకూ ఎవరి దగ్గరా ఏమీ అడగకు. దుకాణాల ప్రకటనలు వేసుకో, కింద ప్రకటన అని రాయి. ఇంతా చేసి ఇదొక్కటే జీవనాధారం అనుకోకు తమ్ముడూ. నాతో పనిచేసిన మంచి కంట్రిబ్యూటర్లలో ఒకాయన బత్తాయి తోట చూసుకునేవాడు, ఒకాయన ట్యూషన్లు చెప్పేవాడు. ఇంకొకరిది జిరాక్స్ సెంటర్. అన్నం వేరేచోట దొరికినందువల్లే వాళ్లు ఎవరికీ తలవంచలేదు.

చట్టం విషయం క్లుప్తంగా. లైంగిక దాడి బాధితుల పేరు, ఊరు, ఫొటో, గుర్తుపట్టే ఏ ఆనవాలూ పెట్టకూడదు, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్. పిల్లలైతే పోక్సో 23వ సెక్షన్. "మన గ్రూపే కదా" అన్న మాట చెల్లదు. పరువునష్టానికి అదే సంహితలో 356వ సెక్షన్. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన నేరస్థుడు కాడని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది, అయినా తప్పని తెలిశాక ఉంచడం మంచిది కాదు. సమాచార హక్కు దరఖాస్తుకు మన దగ్గర గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజులు. నెలకు రెండు వేయడం అలవాటు చేసుకో.

కృత్రిమ మేధ గురించి నువ్వు అడగలేదు కానీ చెప్పకుండా వదలను. ఇంగ్లిష్ జీవోను తెలుగులో అర్థం చేసుకోవడానికి, గంట ఇంటర్వ్యూను అక్షరాల్లోకి మార్చడానికి వాడుకో, నేనూ వాడుతున్నాను. అంకెలు, పేర్లు మాత్రం అసలు కాగితంలో మళ్లీ చూసుకో. మన నాంపల్లి మండలం అని చెబితే అది హైదరాబాద్ నాంపల్లి స్టేషన్ అనుకుంటుంది, మన చింతపల్లిని ఆంధ్రా ఏజెన్సీలో పెడుతుంది. వాన పడ్డప్పుడల్లా రేపు స్కూళ్లకు సెలవు అని కలెక్టర్ సంతకంతో దొంగ ఉత్తర్వు తిరుగుతుంది, ఇకముందు గొంతుతో సహా వస్తుంది. డీపీఆర్వో (జిల్లా పౌర సంబంధాల అధికారి) ఆఫీసు నంబరు నీ ఫోన్లో ఉండాలి. ఐదు నిమిషాలు ఆలస్యమైనా అడిగి పెట్టు.

ఒక జాగ్రత్త మిగిలింది. తెలుగు సాహిత్యం మీద ఏళ్ల తరబడి మంచి చర్చలు నడిచిన యాహూ గ్రూపులు 2020తో మూతబడ్డాయి. అంతకుముందు 2014లో ఆర్కుట్ పోయింది. అక్కడ మాట్లాడుకున్నవాళ్ల మాటలు చాలావరకు వాటితోనే పోయాయి. వాట్సాప్‌లో బ్యాకప్ లేకుండా ఫోన్ మారితే చాలు, పాతవి పోతాయి. ఎవరి జాగాలోనో ఇల్లు కట్టుకున్నామని గుర్తుంచుకొని, ఒక లాంగ్ నోట్‌బుక్ కొను. రోజూ తేదీ వేసి నాలుగు లైన్లు రాయి: ఎంత వాన పడింది, ఎవరు పోయారు, ఏ ఆఫీసర్ ఏం చెప్పాడు. ముఖ్యమైన కాగితాల ఫొటోలు హార్డ్‌డిస్కులో ఏడాది వారీగా పెట్టు. నా దగ్గర 1994 నుంచి 2009 దాకా అలాంటి నోట్‌బుక్కులు 41 ఉన్నాయి. ఒక రైతు భూమి తగాదాలో, ఫలానా రోజు గ్రామసభ జరిగిందా లేదా అన్నదానికి నా నోట్‌బుక్కులో పేజీయే ఆధారమైంది.

సోమవారం కలెక్టరేట్‌లో జనం దరఖాస్తులు ఇచ్చే ప్రజావాణి ఉంటుంది, తెలుసు కదా. ఈ సోమవారం కొండమల్లేపల్లిలో పొద్దున బస్సెక్కి నల్లగొండ వచ్చెయ్యి. కెమెరా బయటికి తీయకు. దరఖాస్తు పట్టుకొని వరుసలో నిలబడ్డవాళ్లలో మీ మండలం వాళ్లు ఎవరో అడిగి, ఎన్నోసారి వచ్చారో అడుగు. నాలుగోసారి, ఐదోసారి వచ్చినవాళ్లు ఒక్కరైనా దొరుకుతారు. వాళ్ల పాత రసీదులన్నీ అడిగి చూడు, తేదీలు రాసుకో. మధ్యాహ్నం నాకు ఫోన్ చెయ్యి, క్లాక్ టవర్ దగ్గర కలుద్దాం, ఆ తేదీలు పెట్టుకొని ఎక్కడ మొదలుపెట్టాలో చూద్దాం.